సంఘంలో చేరడానికి మనకెందుకీ జంకు?

2025 డిసెంబర్ మొదటి వారంలో దేశంలోని విమానాశ్రయాలు పండుగ నాటి రైల్వే స్టేషన్లలా కిక్కిరిసిపోయాయి. డిసెంబర్ 5 ఒక్కరోజే ఇండిగో సంస్థ వెయ్యికి పైగా విమానాలను రద్దు చేసింది. పెళ్లిళ్లకు, పరీక్షలకు, వైద్యానికి బయలుదేరినవారు నేలమీద పడుకుని తెల్లవార్లూ నిరీక్షించారు. ప్రయాణికుల అవస్థలను పత్రికలు, టీవీలు విస్తారంగా చూపాయి. అది సబబే. అయితే ఆ సంక్షోభానికి మూలమైన ప్రశ్నపై మాత్రం అంతటి చర్చ జరగలేదు. విమానం నడిపే మనిషికి ఎంత విశ్రాంతి ఉండాలన్నదే ఆ ప్రశ్న.

పైలట్‌కు వారానికి 36 గంటలుగా ఉన్న నిరంతర విశ్రాంతిని 48 గంటలకు పెంచుతూ, వారంలో రాత్రిపూట చేయదగిన ల్యాండింగ్‌లను ఆరు నుంచి రెండుకు తగ్గిస్తూ పౌర విమానయాన నియంత్రణ సంస్థ 2024 జనవరిలో నిబంధనలు ప్రకటించింది. అదే ఏడాది జూన్‌లో అవి అమలులోకి రావలసి ఉంది. విమాన సంస్థలు అభ్యంతరం చెప్పగానే వాయిదా పడ్డాయి. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టులో పట్టువదలకుండా పోరాడితేగాని 2025 జూలై 1న ఒక విడత, నవంబర్ 1న మరొక విడత అమలుకు రాలేదు. అప్పటికీ కావలసినంతమంది పైలట్లను సమకూర్చుకోని సంస్థకు, రద్దుల కలకలం రేగగానే, రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి 2026 ఫిబ్రవరి 10 వరకు మినహాయింపు లభించింది.

నెలకు లక్షల్లో జీతం తీసుకునే మనిషి కూడా 'నాకు నిద్ర సరిపోవడం లేదు' అని ఒంటరిగా యాజమాన్యాన్ని అడగలేకపోయాడు. అడిగేందుకు సంఘం కావలసి వచ్చింది. సాధించుకున్నది చేజారకుండా కాపాడుకునేందుకు ఆ సంఘమే మళ్లీ కావలసి వచ్చింది. ఇది వికారాబాద్, తాండూరు ప్రాంతాల ముస్లిం కుటుంబాలు నిదానంగా ఆలోచించవలసిన విషయమని మా అభిప్రాయం.

మన పిల్లల్లో విమానం నడిపేవారు అరుదు. కాని చక్రం పట్టి బతికేవారికి మన బస్తీల్లో కొదవలేదు. ఆర్టీసీ బస్సు నడిపేవారు, నాపరాళ్ల లోడుతో తాండూరు నుంచి దూరప్రాంతాలకు లారీ తీసుకుపోయేవారు, ఆటో తోలేవారు, హైదరాబాద్‌కు వెళ్లి క్యాబ్ నడిపేవారు, ఇంటింటికీ పార్సిల్ మోసేవారు మనలో ఉన్నారు. వీరందరి ముందూ ఏదో ఒకనాడు పైలట్ ముందున్న ప్రశ్నే నిలుస్తుంది: యూనియన్‌లో చేరాలా, వద్దా?

ఆ ప్రశ్నకు మన ఇళ్లలో దొరికే సమాధానం ఏమిటో అందరికీ తెలుసు. 'బేటా, నీకెందుకు ఆ గొడవలు? మనం కొద్దిమందిమి. ఏదైనా జరిగితే ముందు మన పేరే బయటికి వస్తుంది. వచ్చి పని చేసుకో, ఇంటికి వెళ్లు.' ఈ మాట చెప్పే తల్లిదండ్రుల ప్రేమను మేము శంకించడం లేదు. వారి భయం ఊహలోంచి పుట్టింది కూడా కాదు. కళ్ల ముందు చూసినదాని నుంచి పుట్టింది. కాని ఆ భయం ఇచ్చే సలహా తప్పు. ముస్లిం కార్మికుడిని ఆ సలహా కాపాడదు సరికదా, అతన్ని ఇంకా బలహీనుణ్ని చేస్తుంది. ఈ వ్యాసంలో మేము నిరూపించదలచినది అదే.

పైలట్లూ ఇలాగే తర్కించుకున్నారు

'మేము కార్మికులం కాము, నిపుణులం. మాకు యూనియన్ ఏమిటి?' అనే మాట పైలట్ల నోట తరచు వినిపించేది. ఆ భ్రమకు చట్టమే సమాధానం చెప్పింది. విమానం నడిపే పైలట్ కూడా పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం కార్మికుడేనని ఢిల్లీ హైకోర్టు తేల్చింది. జీతం ఎంత, యూనిఫాం ఎలాంటిది అన్నవి ఇక్కడ లెక్కలోకి రావు. చేసే పని స్వభావమేమిటన్నదే లెక్క.

2009లో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు సంఘం పెట్టుకున్నారు. యాజమాన్యం ఇద్దరు పైలట్లను ఉద్యోగం నుంచి తొలగించింది. ఆ సెప్టెంబర్‌లో వందలాది పైలట్లు ఒక్కసారిగా అనారోగ్య సెలవు పెట్టారు. ఐదు రోజులు తిరగకముందే యాజమాన్యం మెత్తబడి, తొలగించినవారిని వెనక్కు తీసుకునేందుకు ఒప్పుకుంది. ఆ ఇద్దరి వెనుక వందల మంది నిలబడకపోతే వారి కథ ఒక చిన్న వార్తగా ముగిసిపోయేది.

సంఘం ఉంటే ప్రతిసారీ గెలుపే అని చెప్పడం ఆత్మవంచన. 2012లో ఎయిర్ ఇండియా పైలట్లలో ఒక వర్గం 58 రోజులు సమ్మె చేసింది. వారి సంఘం గుర్తింపు రద్దయింది, ఎందరో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, చివరికి కోర్టు జోక్యంతో సమ్మె విరమించవలసి వచ్చింది. అయినా పైలట్లు సంఘాలను వదులుకోలేదు. వారిలోని రెండు వర్గాలు ఒకదానిపై ఒకటి కత్తులు నూరుకున్న రోజులూ ఉన్నాయి. కాని విశ్రాంతి గంటల వ్యాజ్యం వచ్చేసరికి వేర్వేరు సంఘాలు ఒకే న్యాయస్థానంలో ఒకే మాట మాట్లాడాయి. ఓడిన సమ్మె నుంచి వారు తీసుకున్న పాఠం సంఘాన్ని మరింత తెలివిగా నడపాలని. మన ఇళ్లలో మాత్రం ఓడిన ప్రతి సమ్మె నుంచీ సంఘమే వద్దన్న పాఠం తీస్తున్నాం.

మన డిపోల్లో జరిగింది గుర్తుందా?

2019 అక్టోబర్ 5న తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగారు. దాదాపు 48 వేల మంది. వికారాబాద్ డిపో, తాండూరు డిపో అందులో భాగమే. సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్నది ప్రధాన డిమాండ్. నాటి ముఖ్యమంత్రి వారందరినీ 'సెల్ఫ్ డిస్మిస్' అయినట్టేనన్నారు. తమను తామే ఉద్యోగం నుంచి తొలగించుకున్నారన్నమాట. సెప్టెంబర్ జీతం కూడా చేతికి రాని ఇళ్లలో దసరా, దీపావళి, మీలాద్ గడిచిపోయాయి. కొందరు కార్మికులు ప్రాణాలు తీసుకున్నారు. 52 రోజుల తరువాత, నవంబర్ 25న, ఏ డిమాండూ నెరవేరకుండానే జేఏసీ సమ్మె విరమించింది.

ఇది ఓటమి కాదా అని అడుగుతారు. ఆనాటికి ఓటమే. అయినా ఒక లెక్క చూడండి. తమను తామే తొలగించుకున్నారని చెప్పిన 48 వేల మందిని కొద్దిరోజులకే అదే ప్రభుత్వం పనిలోకి పిలిచింది. సమ్మె కాలపు జీతం ఇస్తామని, పదవీ విరమణ వయసు 60కి పెంచుతామని ప్రకటించింది. నలభై ఎనిమిది మంది సమ్మె చేసి ఉంటే ఆ పిలుపు వచ్చేదా? ఏ విలీనం అసాధ్యమన్నారో, ఆ విలీనానికే 2023లో శాసనసభ బిల్లు ఆమోదించింది. ఆనాటి లెక్క ప్రకారం 43,373 మంది ఉద్యోగులను ప్రభుత్వ సేవలోకి తీసుకునే బిల్లు అది. గవర్నర్ ఆమోదమూ లభించింది. నాలుగేళ్లు ఆలస్యంగానైనా ఆ డిమాండ్ శాసనసభ గడప తొక్కడానికి ఆ 52 రోజులే దారి వేశాయి.

సమ్మె ముగియగానే ప్రభుత్వం చేసిన మొదటి పని ఏమిటన్నది ఇంకా ముఖ్యమైనది. యూనియన్ల స్థానంలో డిపోకు ఇద్దరు చొప్పున సభ్యులతో సంక్షేమ మండళ్లు ఏర్పాటు చేసింది. మాకు యూనియన్ వద్దని కార్మికుల చేత సంతకాలు పెట్టించారన్న ఆరోపణలు అన్ని డిపోల నుంచీ వినవచ్చాయి. గుర్తింపు సంఘానికి ఎన్నికలు జరిగింది 2016లో. ఆ తరువాత ఆ ఊసే లేకుండా ఏళ్లు గడిచాయి. సంఘం నిరుపయోగమైనదైతే పాలకులు దాన్ని తుడిచివేయడానికి అంత శ్రమ పడరు. దొంగ ముందుగా కుక్క నోరే ఎందుకు కట్టేస్తాడో ఆలోచిస్తే చాలు.

సంక్షేమ మండలి సభ్యుడు విన్నవించుకోగలడు. సంఘం ప్రతినిధి బేరమాడగలడు. ఒకడి వెనుక అధికారి ఎంపిక ఉంటుంది, మరొకడి వెనుక తోటివారి ఓటు ఉంటుంది. 2023 డిసెంబర్ 9 నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. మన తల్లులకు, చెల్లెళ్లకు అది మేలు చేసిన పథకమే. దాన్ని మేము స్వాగతిస్తాం. కాని నిండిన బస్సుకు తగినన్ని కొత్త బస్సులు, తగినంతమంది కొత్త డ్రైవర్లు, కండక్టర్లు ఉండాలని బల్లగుద్ది అడగవలసిన సమయంలో డిపోలో గుర్తింపు పొందిన గొంతు లేదు. 2025 మే 7 నుంచి సమ్మె చేస్తామని జేఏసీ నోటీసు ఇచ్చినప్పుడు, చర్చల తరువాత దాన్ని వాయిదా వేసుకున్నప్పుడు, కోరికల జాబితాలో విలీనం అమలుతో పాటు సంఘాలపై ఆంక్షల ఎత్తివేత కూడా ఉంది. మాట్లాడే హక్కు కోసమే సమ్మె నోటీసు ఇవ్వవలసిన దుస్థితి అది.

మీర్జాగూడ దగ్గర

పైలట్ల విశ్రాంతి నిబంధనల రెండో విడత అమలులోకి వచ్చిన రెండు రోజులకు, 2025 నవంబర్ 3 ఉదయం, తాండూరు నుంచి హైదరాబాద్ వెళ్తున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర లోడు టిప్పర్ ఢీకొట్టింది. కంకర బస్సులోకి ఒరిగింది. 19 మంది చనిపోయారు. ఒకే ఇంటి ముగ్గురు అక్కచెల్లెళ్లు, పసిబిడ్డతో తల్లి, రెండు వాహనాల డ్రైవర్లు వారిలో ఉన్నారు. తాండూరులో ఆ వారం జనాజాలు, అంతిమయాత్రలు ఒకే వీధుల్లో నడిచాయి. అల్లాహ్ ఆ కుటుంబాలకు సబర్ ప్రసాదించుగాక.

ఆ ప్రమాదానికి ఎవరి అలసటో కారణమని మేము చెప్పడం లేదు. నిర్ధారణ లేని నిందను చనిపోయినవారిపై మోపడం పాపం. మేము అడిగేది వేరు. ఆ దారి విస్తరణ ఏళ్ల తరబడి నిలిచిపోయిందని ఆ రూట్‌లో రోజూ బస్సు నడిపేవారికి తెలియదా? అధిక లోడు టిప్పర్లు ఎలా దూసుకొస్తాయో, బస్సులో ఎంతమంది నిలబడి ప్రయాణిస్తారో వారికన్నా ఎక్కువ ఎవరికి తెలుసు? తెలిసినదాన్ని లిఖితపూర్వకంగా చెప్పి, జవాబు రాకపోతే పదిమందిని కూడగట్టి అడిగే అధికారం వారికి ఎందుకు లేదు?

విమానయానంలో పైలట్ల మాట భద్రతా నిబంధనగా మారింది, ఎందుకంటే ఆ మాటను సంఘం మోసింది. రైళ్లు నడిపే లోకో పైలట్లు 2025 డిసెంబర్ ఆరంభంలో తగిన విశ్రాంతి కోసం 48 గంటలు నిరాహారంగా ఉండి మరీ నిరసన తెలిపారు. వికారాబాద్ జంక్షన్ మీదుగా రోజూ వెళ్లే ప్రతి రైలులో ఆ బాధ ఉంది. ఇక రోడ్డు విషయానికొస్తే, మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పనివేళలకు హద్దు గీసింది. ఐదు గంటల పని తరువాత కనీసం అరగంట విశ్రాంతి అని రాసింది. తాండూరు నుంచి నాపరాయి లోడుతో బయలుదేరే లారీ డ్రైవర్‌ను ఈ హద్దుల గురించి అడిగి చూడండి. అరవై ఏళ్లు దాటినా ఆ చట్టం అతని క్యాబిన్‌లోకి ఎక్కలేదు. చట్టం తనంతట తాను నడవదు; దాన్ని నడిపించేవాడు కావాలి.

'మనం కొద్దిమందిమి' అన్న వాదన

ఇప్పుడు పెద్దల అభ్యంతరానికి వద్దాం. మనం కొద్దిమందిమి కాబట్టి సంఘానికి దూరంగా ఉండాలంటున్నారు. కొద్దిమంది అయినవాడికే సంఘం అవసరం ఎక్కువ. మేనేజర్ బంధువుకు సంఘం లేకపోయినా గడుస్తుంది. కులబలం, రాజకీయ అండ ఉన్నవాడికి ఫోన్ చేసేందుకు ఒక నంబర్ ఉంటుంది. ఆ నంబర్ లేనివాడికి మిగిలేది తోటి కార్మికుడి భుజమే. పని గంటలు, జీతం, బదిలీ, సస్పెన్షన్ విషయంలో సంఘం బయట నిలబడ్డ ముస్లిం కార్మికుడు రెండు విధాలా అల్పసంఖ్యాకుడవుతాడు: సమాజంలో ఒకసారి, డిపోలో మరొకసారి.

'సంఘాల్లో మన గురించి మాట్లాడేవారు లేరు' అన్నది రెండో అభ్యంతరం. ఇందులో నిజముంది, దాన్ని దాచనవసరం లేదు. కార్మిక సంఘాల నాయకులకు ఈ పత్రిక ముఖంగా సూటిగా చెబుతున్నాం. మీ డిపో కమిటీల్లో, యూనిట్ కమిటీల్లో ముస్లిం పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి. రంజాన్‌లో ఇఫ్తార్ వేళకు డ్యూటీ మార్పిడి అడిగిన కార్మికుడి తరఫున మీరు ఎన్నిసార్లు నిలబడ్డారు? గడ్డం చూసి, పేరు విని, అవమానించిన అధికారిపై మీరు ఇచ్చిన వినతిపత్రాలు ఎన్ని? మే డే నాడు ఐక్యత గురించి ప్రసంగించి, మిగిలిన రోజుల్లో మౌనంగా ఉండేవారిని మా వాళ్లు నమ్మకపోతే తప్పు మా వాళ్లది మాత్రమే కాదు.

కాని ఇంటి పైకప్పు కారుతుంటే ఇల్లు వదిలి వానలో నిలబడం. సభ్యత్వం తీసుకోనివాడికి కమిటీలో చోటు రాదు, చందా కట్టనివాడికి లెక్క అడిగే హక్కు రాదు. బయట నిలబడి 'మన గురించి ఎవరూ మాట్లాడరు' అనడం కన్నా, లోపలికి వెళ్లి మాట్లాడేవాడిగా మారడమే మార్గం.

మూడో అభ్యంతరం అందంగా వినిపిస్తుంది: 'అయితే మనకు మనమే ఒక ముస్లిం యూనియన్ పెట్టుకుందాం.' మైనారిటీ ఉద్యోగుల సంక్షేమ సంఘాలకు ఒక పాత్ర ఉంది. రోస్టర్‌లో బీసీ-ఈ వాటా సక్రమంగా ఉందా, పండుగ సెలవు ఇచ్చారా అని అవి అడగగలవు, అడగాలి కూడా. జీతం, పనివేళలు, ఉద్యోగ భద్రతల బేరం మాత్రం వేరు. 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఏమంటోందో చూడండి. ఒక సంస్థలో ఒకటికి మించి సంఘాలుంటే, 51 శాతం కార్మికుల మద్దతు ఉన్న సంఘానికే ఏకైక బేరసారాల సంఘంగా గుర్తింపు. అంత మద్దతు ఎవరికీ లేకపోతే, కనీసం 20 శాతం మద్దతు ఉన్న సంఘాలకు మండలిలో చోటు. ఈ అంకెల ముందు మతం పేరిట విడిపోయిన సంఘం ఎక్కడ నిలుస్తుంది? తెలంగాణ జనాభాలో మన వాటా 12.7 శాతం. యాజమాన్యం ఎదుట కూర్చునే కుర్చీ కూడా దక్కని సంఘం పెట్టుకుని సాధించేదేమిటి? మనం విడిగా వెళ్తే మొట్టమొదట సంతోషించేది యాజమాన్యమే.

అదే కోడ్‌లో మరికొన్ని మాటలున్నాయి. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సగం మంది, అంతకు మించి, ఒకేసారి సెలవు పెడితే దాన్నీ సమ్మెగానే లెక్కిస్తారు. 2009లో జెట్ పైలట్లు నడిచిన దారిని ఈ కోడ్ మూసేసిందన్నమాట. పోరాటానికి హద్దులు ఇంతగా బిగుస్తున్న వేళ సంఘం లేనివాడికి మిగిలేది ఏమీ లేదు. అయినా ఒక తలుపు ఇంకా తెరిచే ఉంది. సంఘం పెట్టుకోవడం రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన ప్రాథమిక హక్కు. ఏడుగురు కలిస్తే సంఘం నమోదుకు దరఖాస్తు చేయవచ్చు. ఆ సంస్థ కార్మికుల్లో పది శాతం, లేదా వందమంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుంటే చాలు. సంఘంలో చేరినందుకు ఒక కార్మికుడిని వేధించడం చట్టం దృష్టిలో అక్రమమైన కార్మిక విధానం. భయపడే తల్లిదండ్రులకు ఈ మాట ఇంటింటా తెలియాలి.

రిజర్వేషన్ ఒక్కటే చాలదు

మన సముదాయ నాయకత్వాన్ని కూడా ఒక మాట అడగాలి. ఇరవై ఏళ్లుగా మన సభల్లో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించిన అంశం రిజర్వేషన్. నాలుగు శాతం కోసం చేసిన పోరాటం న్యాయమైనది. 2017 ఏప్రిల్‌లో శాసనసభ ఆమోదించిన 12 శాతం బిల్లు ఏమైందని అడగడమూ న్యాయమే. కాని వాటా అడుగుతున్న పళ్లెంలో అన్నం మిగిలిందా అని ఎవరైనా చూస్తున్నారా? ఆర్టీసీలో అద్దె బస్సులు పెరిగాయి. కొత్త విద్యుత్ బస్సులను ప్రైవేటు సంస్థలు తమ డ్రైవర్లతో నడుపుతున్నాయి. ఆ డ్రైవర్ ఉద్యోగానికి రోస్టర్ లేదు, రిజర్వేషన్ లేదు, ప్రభుత్వ పింఛను ఊసు లేదు. పర్మనెంట్ ఉద్యోగాన్ని కాపాడే సంఘం లేనిచోట నాలుగు శాతమైనా, పన్నెండు శాతమైనా సున్నాలో వాటాయే.

పైగా మన శ్రామికుల్లో అధికులు జీతపు ఉద్యోగాల్లో లేనే లేరు. ముస్లిం శ్రామికుల్లో దాదాపు 61 శాతం స్వయం ఉపాధిపై బతుకుతున్నారని, హిందువుల్లో అది 55 శాతమని 2006లో సచార్ కమిటీ నివేదిక చెప్పింది. ఆటో, తోపుడుబండి, వెల్డింగ్ షాపు, పంచర్ దుకాణం. తాండూరు పాలిషింగ్ యూనిట్లలో రాతి దుమ్ము పీల్చేవారిలో, బండలు లోడు చేస్తూ వేళ్లు నలగ్గొట్టుకునేవారిలో కూడా మన పిల్లలున్నారు. వీరిలో చాలామందికి చేతిలో నియామక పత్రం ఉండదు. దెబ్బ తగిలితే యజమాని ఇచ్చిందే పరిహారం.

'యజమానే లేనివాడికి యూనియన్ ఏమిటి?' అన్న ప్రశ్నకు హైదరాబాద్ ఇప్పటికే సమాధానం ఇచ్చింది. క్యాబ్ డ్రైవర్‌గా పనిచేసిన షేక్ సలావుద్దీన్ తెలంగాణ గిగ్, ప్లాట్‌ఫాం కార్మికుల సంఘాన్ని నిర్మించారు. దేశంలో ఈ రంగపు కార్మికుల గురించి చర్చ జరిగినప్పుడల్లా వినిపించే పేర్లలో ఆయనది ఒకటి. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం గిగ్ కార్మికుల నమోదు, సామాజిక భద్రత, సంక్షేమాల కోసం ముసాయిదా బిల్లును ప్రజల ముందు పెట్టింది. ఆయన వెనుక నిలిచిన డ్రైవర్లలో అన్ని మతాలవారూ ఉన్నారు. ముస్లిం నాయకుడు ముస్లింలకు మాత్రమే నాయకుడు కానక్కరలేదని దీనికన్నా వేరే రుజువు కావాలా?

ఇది మనకు కొత్త దారి కాదు

కార్మిక సంఘం మనది కాని సంప్రదాయం అనుకునేవారు ఈ గడ్డ చరిత్రను మరచిపోయారు. వికారాబాద్ జిల్లాకు పొరుగున, అందోలులో 1908లో పుట్టిన మఖ్దూం మొహియుద్దీన్‌ను మనం కవిగా ముషాయిరాల్లో స్మరిస్తాం. సిటీ కాలేజీలో అధ్యాపక వృత్తి వదిలి కార్మికుల మధ్యకు వెళ్లిన మఖ్దూంను మాత్రం మరుస్తాం. 1946లో ఆలిండియా స్థాయి సంఘాలకు దీటుగా నిజాం రాజ్యంలో అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడినప్పుడు దాని అధ్యక్షుడు ఆయనే. తాండూరు దాటి అదే రైలు మార్గంలో ముందుకు వెళ్తే వచ్చే షాబాద్ సిమెంట్ కార్ఖానా కార్మికులు కూడా ఆయన కూడగట్టినవారిలో ఉన్నారు. తాండూరులో సిమెంట్ పొగగొట్టాలు లేవకముందే ఈ రైలు దారిలో ఒక ముస్లిం నాయకుడు సిమెంట్ కార్మికుల హక్కులు మాట్లాడాడు. ఆయన రాజకీయ విశ్వాసాలతో మనలో చాలామంది ఏకీభవించకపోవచ్చు. శ్రామికుల పక్షాన నిలిచిన ఆ ధైర్యంతో విభేదించవలసిన పనిలేదు.

ధర్మం దృష్టితో చూసేవారికి ఇంకా పాత ఉదాహరణ ఉంది. మక్కాలో ఒక పెద్దమనిషి యెమెన్ వర్తకుడి వద్ద సరుకు తీసుకుని సొమ్ము ఎగ్గొట్టాడు. ఆ వర్తకుడికి ఆ ఊళ్లో తెగ లేదు, అండ లేదు. అప్పుడు కొన్ని తెగలవారు అబ్దుల్లా బిన్ జుద్ఆన్ ఇంట సమావేశమై, అన్యాయానికి గురైనవాడు ఎవరైనా సరే అతని హక్కు అతనికి దక్కేవరకు ఒక్కటిగా నిలుస్తామని ప్రమాణం చేశారు. అదే 'హిల్ఫుల్ ఫుజూల్'. యువకుడైన ముహమ్మద్ (స) ఆ ప్రమాణంలో పాల్గొన్నారు. ప్రవక్తగా నియుక్తులైన తరువాత కూడా, అటువంటి ఒప్పందానికి ఇప్పుడు పిలిచినా వెళ్తానన్న భావంతో దాన్ని గుర్తుచేసుకున్నారు. ఆ ప్రమాణం చేసినవారు అప్పటికి ముస్లింలు కారు. న్యాయం కోసం ఇతరులతో కలిసి నిలబడటం ధర్మానికి దూరం జరగడం అనుకునేవారు ఈ ఘట్టాన్ని మళ్లీ చదవాలి. శ్రామికుడి చెమట ఆరకముందే అతని కూలీ ఇవ్వాలన్న బోధను మన ఖుత్బాల్లో తరచు వింటాం. కూలీ ఎగ్గొట్టే యజమాని ముందు ఆ బోధను వినిపించేది ఎవరు?

చేయవలసినవి

ఆర్టీసీ కార్మికులు, ఒప్పంద డ్రైవర్లు, పాలిషింగ్ యూనిట్ల కూలీలు, లారీ డ్రైవర్లు, ఆటో సోదరులు తమ రంగంలో అందరినీ కలుపుకునే సంఘంలో సభ్యులు కావాలి. ఏ సంఘం అన్నది వారి విచక్షణ. అయితే సభ్యత్వంతో ఆగిపోకుండా లెక్కలు అడగాలి, కమిటీకి పోటీ చేయాలి. ఒక పార్టీ కండువాకు సంఘాన్ని తాకట్టు పెట్టే నాయకుడిని ఎన్నికల్లో ఓడించాలి. గుర్తింపు ఎన్నికలు జరపాలని అన్ని సంఘాలతో కలిసి ప్రభుత్వాన్ని నిలదీయాలి.

మస్జిద్ కమిటీలు జుమా తరువాత పావుగంట సమయాన్ని కార్మిక చట్టాలు తెలిసినవారికి కేటాయించవచ్చు. ఈ-శ్రమ్ నమోదు, ఈఎస్ఐ, పీఎఫ్, ప్రమాద పరిహారం గురించి అక్కడ చెబితే, వాటి గురించి ఎన్నడూ విననివారికి మేలు జరుగుతుంది. జకాత్‌తో ఒక కుటుంబాన్ని ఒక నెల ఆదుకోగలం. సరైన జీతంతో ఆ కుటుంబం జకాత్ ఇచ్చే స్థాయికి చేరగలదు.

తల్లిదండ్రులకు చివరిగా ఒక మనవి. మీ అబ్బాయి యూనియన్ రసీదు తెచ్చి చూపిన రోజున కంగారు పడకండి. అతను గొడవల్లోకి వెళ్లలేదు. రేపు అతనికి మెమో ఇచ్చినా, డబుల్ డ్యూటీ వేసినా, దెబ్బ తగిలి ఆసుపత్రిలో పడినా, ఆఫీసు మెట్ల మీద ఒంటరిగా నిలబడకుండా ఉండేందుకు ఏర్పాటు చేసుకున్నాడు. విశాలమైన ఆకాశంలో విమానం నడిపేవాడికే ఆ తోడు కావలసి వచ్చినప్పుడు, మన్నెగూడ దారిలో కిక్కిరిసిన బస్సు నడిపే మన బిడ్డకు అక్కరలేదని ఏ ముఖంతో చెబుతాం?